శిల్పం ఒకరిది, ఫోటో మరొకరిది

అమెరికా తపాలా శాఖ 2003 జూలైలో 37 సెంట్ల స్టాంపు ఒకటి విడుదల చేసింది. కొరియా యుద్ధం ఆగి 50 ఏళ్లయిన సందర్భం అది. స్టాంపు మీద మంచు కప్పుకున్న సైనికుల విగ్రహాలు కనిపిస్తాయి. వాషింగ్టన్‌లోని కొరియా యుద్ధ వీరుల స్మారకం దగ్గర మెరైన్ దళపు మాజీ సైనికుడొకరు తీసిన ఫోటో అది. ఆయన తండ్రి కొరియాలో పోరాడినవాడు. తండ్రికి కానుకగా ఇద్దామని 1996 జనవరిలో, మంచు తుపాను వెలిశాక, కెమెరా పట్టుకుని వెళ్లి తీశారు. ఫోటో వాడుకున్నందుకు తపాలా శాఖ ఆయనకు 1,500 డాలర్లు ఇచ్చింది. ఆ 19 స్టీలు విగ్రహాలకు రూపమిచ్చిన శిల్పి ఫ్రాంక్ గేలార్డ్‌ను మాత్రం అడగలేదు.

గేలార్డ్ 2006లో దావా వేశారు. ఫోటోగ్రాఫర్ విగ్రహాలకు మంచు వెలుగులో కొత్త భావం తెచ్చాడు కాబట్టి అది అనుమతి అక్కర్లేని న్యాయమైన వాడకమేనని 2008లో కింది కోర్టు తేల్చింది. 2010లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పేసింది. మంచు ప్రకృతి చేసిన పని. శిల్పం ఉద్దేశమూ స్టాంపు ఉద్దేశమూ ఒకటే, యుద్ధవీరులకు గౌరవం. స్టాంపులో కనిపించేదంతా గేలార్డ్ పనే అన్నది ఆ తీర్పు సారం. పరిహారం లెక్క మళ్లీ వేరే గొడవ. మొదట 5,000 డాలర్లు చాలన్నారు. చివరికి కలెక్టర్లు వాడకుండా దాచుకున్న స్టాంపుల అమ్మకం మీద 10 శాతం రాయల్టీ కట్టి, ఇతర వస్తువుల అమ్మకాలు కూడా కలిపి, దాదాపు 6 లక్షల 85 వేల డాలర్లు ఇప్పించారు. 2015లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఒక్క ఫోటో మీద తొమ్మిదేళ్ల వ్యాజ్యం.

ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే సంగతి వేరే ఉంది. ఆ ఫోటోగ్రాఫర్ నిజాయితీగా అనుమతి అడిగాడు. ఫోటో ప్రింట్లు అమ్మాలనుకున్నప్పుడు హక్కులెవరివో ఆరా తీశాడు. స్మారకం కట్టిన కాంట్రాక్టు సంస్థ తరఫువాళ్లు తమవేనని చెబితే, వాళ్లతో రాయల్టీ ఒప్పందం చేసుకున్నాడు. అడగాల్సిన మనిషి వేరని తర్వాత తెలిసింది. శిల్పాల ఫోటోల వివాదాలు చాలా ఇక్కడే పుడతాయి. అనుమతి అడగకపోవడం ఒక తప్పైతే, ఎవరిని అడగాలో తెలియకపోవడం అంతకన్నా తరచుగా జరిగే పొరపాటు.

విగ్రహం ఫోటోలో రెండు హక్కులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. రాతిలోనో కంచులోనో రూపం తీర్చినవాడి హక్కు అడుగున ఉంటుంది. ఏ మూల నుంచి, ఏ వెలుగులో, ఏ క్షణాన తీయాలో నిర్ణయించినవాడి హక్కు పైన ఉంటుంది. ఫోటో తీసినంత మాత్రాన శిల్పి హక్కు పోదు. శిల్పం తనదైనంత మాత్రాన ఫోటో శిల్పిది కాదు. ఈ రెంటికీ తోడు గేటు దగ్గర ఇంకొకరు ఉండొచ్చు. గుడి, మ్యూజియం, ప్రభుత్వ శాఖ, స్థల యజమాని. వాళ్ల మాటకు బలం కాపీరైట్ నుంచి రాదు, ప్రవేశ నిబంధనల నుంచో వారసత్వ చట్టాల నుంచో వస్తుంది. ఈ ముగ్గురినీ కలగలిపి చూస్తే ఏ వివాదమూ అర్థం కాదు.

దేశానికో చట్టం కావడం చిక్కును ఇంకా పెంచింది. అమెరికాలో బహిరంగ స్థలంలో ఉన్న భవనాన్ని ఎవరైనా ఫోటో తీసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. విగ్రహానికి ఆ మినహాయింపు లేదు. షికాగోలో తెలుగువాళ్లెందరో ఎదుట నిలబడి సెల్ఫీ దిగే అద్దం లాంటి ‘క్లౌడ్ గేట్’ మీద కాపీరైట్ శిల్పి అనీశ్ కపూర్‌ది. తన శిల్పాన్ని ప్రచార వీడియోలో చూపించిందని 2018లో ఆయన అమెరికా జాతీయ రైఫిల్ సంఘం మీద దావా వేశారు. ఆ దృశ్యాన్ని సంఘం తీసేయాల్సి వచ్చింది. ఇంట్లోవాళ్లకు చూపించుకునే సెల్ఫీ జోలికి ఎవరూ రారు. అదే ఫోటో మీ కంపెనీ క్యాలెండరు మీదికో, యాప్ ప్రకటనలోకో ఎక్కితే సంగతి మారిపోతుంది.

స్వీడన్‌లో డబ్బు ప్రసక్తే లేకుండా వివాదం వచ్చింది. వీధుల్లో, పార్కుల్లో ఉన్న కళాఖండాల ఫోటోలతో అక్కడి వికీమీడియా సంస్థ అందరికీ ఉచితంగా ఒక వెబ్‌సైట్ నడిపింది. కళాకారుల హక్కుల సంఘం కోర్టుకెళ్లింది. బయట ఉన్న శిల్పాన్ని చిత్రించుకోవచ్చని స్వీడన్ చట్టంలోనే ఉంది. అయినా ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచిన భాండాగారానికి వ్యాపార విలువ ఉంటుందని, ఆ విలువ కళాకారుడికే చెందాలని 2016 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిర్వాహకులకు లాభాపేక్ష ఉందా లేదా అన్నదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఈ తీర్పుతో నేను ఏకీభవించను. ప్రజల సొమ్ముతో, ప్రజల స్థలంలో నిలిపిన విగ్రహాన్ని ఆ ప్రజలే తెర మీద చూసుకోలేకపోవడం కళకు మేలు చేయదు. డెన్మార్క్‌లో ‘లిటిల్ మెర్మెయిడ్’ విగ్రహం చుట్టూ ఇలాంటి తగవే నడిచింది. శిల్పి ఎడ్వర్డ్ ఎరిక్సెన్ 1959లో చనిపోయారు కాబట్టి 2029 చివరిదాకా హక్కు వారసులది. విగ్రహాన్ని జాంబీగా గీసిన కార్టూన్, విగ్రహానికి మాస్కు తొడిగినట్టున్న ఫోటో వేసినందుకు ఒక దినపత్రిక 3 లక్షల క్రోనర్లు కట్టాలని అప్పీలు కోర్టు చెప్పింది. 2023లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, వ్యంగ్యానికి ఆ చోటు ఉండాల్సిందేనంది.

మన దేశానికి వస్తే, 1957 కాపీరైట్ చట్టం ఈ విషయంలో ఉదారంగా ఉంది. 52వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలోనో, ప్రజలు వెళ్లగలిగే ఆవరణలోనో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫోటో తీయడం, ప్రచురించడం ఉల్లంఘన కాదు. అమ్ముకోకూడదన్న షరతు కూడా అందులో లేదు. హుస్సేన్ సాగర్ బుద్ధుడైనా, ట్యాంక్‌బండ్ మీది కవుల విగ్రహాలైనా, విజయవాడలోని 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహమైనా మీరు తీసిన ఫోటోను పత్రికకు ఇవ్వొచ్చు, ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చు, పుస్తకం అట్ట మీద వేసుకోవచ్చు. సినిమాలో, వీడియోలో చూపించడానికి అదే సెక్షన్‌లో వేరే క్లాజు ఉంది.

ఆ ఉదారతకు హద్దులూ ఉన్నాయి. శిల్పం మినహాయింపు గీసిన బొమ్మలకూ, ఫోటోలకూ మాత్రమే. ఫోటోలు చూసి ఆ విగ్రహానికి చిన్న నమూనాలు పోతపోసి అమ్మడానికి అది వర్తించదు, శిల్పి హక్కు గడువు ఇంకా నడుస్తుంటే అనుమతి తీసుకోవాలి. మన దగ్గర ఆ గడువు శిల్పి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. గోడల మీద వేసిన పెయింటింగులను శిల్పాలతో పాటు ఫోటోల క్లాజులో చేర్చలేదు. ముంబైలోని ఒక గోడచిత్రాన్ని బీమా కంపెనీ తన ప్రకటనలో వాడుకోవడం 2023లో ఢిల్లీ హైకోర్టుదాకా వెళ్లింది. ఆర్ట్ గ్యాలరీలో పది రోజుల ప్రదర్శనకు పెట్టిన కంచు బొమ్మ కూడా ‘శాశ్వతం’ కిందికి రాదు.

మరి ఖైరతాబాద్ గణపతి? ఏటా కొత్త రూపం, పదకొండో రోజున నిమజ్జనం. చట్టాన్ని అక్షరాలా చదివితే అది శాశ్వతంగా ఉన్న శిల్పం కాదు. మన ఫోన్లలోకి వచ్చిపడే ఆ లక్షల ఫోటోలకు శిల్పం మినహాయింపు నేరుగా వర్తిస్తుందని చెప్పలేం. వార్తల్లో చూపడానికి వేరే రక్షణ ఉంది. భక్తుల ఫోటోల మీద ఏ శిల్పీ కోర్టుకెక్కడు, ఎక్కాలని ఎవరూ కోరరు. ఒక వ్యాపార సంస్థ ఆ రూపాన్ని తన సరుకు డబ్బాల మీద వేసుకుంటే మాత్రం ప్రశ్న గట్టిగానే లేస్తుంది. జర్మనీలో ఇలాంటిదే తేలింది. 1995లో క్రిస్టో దంపతులు బెర్లిన్ పార్లమెంటు భవనాన్ని రెండు వారాల పాటు బట్టతో చుట్టారు. ఆ దృశ్యంతో పోస్టుకార్డులు అమ్మడానికి అనుమతి అవసరమని, అది శాశ్వతంగా ఉన్న కళాఖండం కాదని 2002లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది.

పాత శిల్పాల దగ్గర చాలామంది ఇంకో రకంగా పొరబడతారు. రామప్ప గుడి 1213 నాటిది. దాని శిల్పాల మీద నేడు ఏ కాపీరైటూ లేదు. అందుకని నెట్‌లో దొరికిన రామప్ప ఫోటో కూడా అందరిదే అనుకుంటారు, కాదు. చూరు కింద వాలుగా నిలిచిన మదనికలను చూడండి. నల్లరాయి, నునుపు. ఎండ నెత్తిన ఉంటే చూరు నీడలో మొత్తం నల్లగా కలిసిపోతుంది. వెలుగు పక్క నుంచి పడినప్పుడే మెడలో హారం గొలుసుగొలుసుగా, నడుం వంపు, వేళ్ల కణుపులు విడివిడిగా తెలుస్తాయి. ఆ వేళ కోసం కాచుకుని, ఎక్కడ నిలబడాలో వెతుక్కుని తీసిన ఫోటోలో తీసినవాడి కళ ఉంది. ఆ ఫోటో మీద హక్కు అతనిదే, అది అతని జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కు వాడినా, పెళ్లి శుభలేఖ మీద అచ్చేసినా అతన్ని అడగాలి. ‘గూగుల్‌లో దొరికింది’ అనేది ఏ కోర్టులోనూ జవాబు కాదు. తన ఫోటోను ఎత్తుకెళ్లారని హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ఆ ఇంటర్నెట్ వేదిక 36 గంటల్లో దాన్ని కనబడకుండా చేయాలని మన కాపీరైట్ నిబంధనలు చెబుతున్నాయి. 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవడం ఆపైన హక్కుదారు బాధ్యత.

గేటు దగ్గరి మూడో మనిషి సంగతి ఇటలీలో బాగా తెలుస్తుంది. మైఖలాంజెలో చనిపోయింది 1564లో. ఆయన చెక్కిన డేవిడ్ మీద కాపీరైట్ ఏనాడూ లేదు. అయినా డేవిడ్ రూపాన్ని ఒక మోడల్ ఫోటోతో కలిపి అట్ట మీద వేసిన పత్రిక ప్రచురణ సంస్థ 50,000 యూరోలు చెల్లించాలని 2023లో ఫ్లోరెన్స్ కోర్టు ఆదేశించింది. కారణం ఆ దేశపు సాంస్కృతిక వారసత్వ చట్టం. మన అమరావతి స్తూపం శిల్పాలు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. సుమారు రెండు వేల ఏళ్ల నాటి పలకలవి. వాటి ఫోటోలను మ్యూజియం వ్యాపారేతర అవసరాలకే ఉచితంగా ఇస్తుంది. అమ్మే పుస్తకంలో వేయాలంటే వేరే లైసెన్సు కావాలి. అమరావతిలో పుట్టిన శిల్పం ఫోటోను తెలుగు ప్రచురణకర్త తన పుస్తకంలో వేసుకోవడానికి లండన్‌కు రుసుము కట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది. మీరే వెళ్లి తీసుకున్న ఫోటోకు ఈ లైసెన్సు చిక్కు లేదు. సందర్శకులకు మ్యూజియం పెట్టిన షరతులను మాత్రం చూసుకోవాలి.

చట్టం అనుమతి అక్కర్లేదన్న చోట కూడా శిల్పికి దక్కాల్సింది ఒకటి మిగిలి ఉంటుంది, అది పేరు. అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం 140 అడుగుల పొడవున కంచు కుడ్యశిల్పం చేశారు. 1962లో పూర్తయిన దాన్ని 1979లో ఆయనకు మాటైనా చెప్పకుండా పీకి గోదాములో పడేశారు. పని అమ్మేసినా శిల్పికి తన సృష్టి మీద నైతిక హక్కు ఉంటుందని 57వ సెక్షన్ ఆధారంగా 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. శిల్పాన్ని తిరిగి ఇవ్వమంది, 5 లక్షల పరిహారం కట్టమంది. ‘ఇది నేను చేశాను’ అని చెప్పుకునే హక్కు కూడా ఆ సెక్షన్‌లోనిదే.

మన ఊళ్లలో విగ్రహాల కింద శిలాఫలకం మీద ఆవిష్కరించిన మంత్రి పేరుంటుంది, దాత పేరుంటుంది, తేదీ ఉంటుంది. శిల్పి పేరు చాలాచోట్ల ఉండదు. ఫలకం మీద లేని పేరు ఇంటర్నెట్‌లో ఎలా వస్తుంది? ఈసారి మీ ఊరి విగ్రహం ఫోటో పెట్టేటప్పుడు దాన్ని చేసిందెవరో మున్సిపాలిటీ వాళ్లనో, విగ్రహ కమిటీ వాళ్లనో అడగండి. ఆ పేరు రాయండి. ఫోటో మీరు తీసింది కాకపోతే తీసినవాళ్లను అడిగి, వాళ్ల పేరూ పక్కన వేయండి.