కెర్నల్ కూలితే ఏం రాసి పంపాలి?

బోరబండలో ఉంటాను. ఫిల్మ్‌నగర్‌ ఎడిటింగ్ గదుల్లో సర్వర్లు చూసుకోవడం నా పని. షూటింగ్ ఫుటేజీని లైనక్స్ యంత్రాల్లో, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో దాస్తాం. 1993లో సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ దీని తయారీ మొదలుపెట్టింది. పెద్ద ఫైళ్లకు బాగా నప్పుతుంది.

ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో చిట్టా రాసుకునే గుమస్తా ఫైల్‌సిస్టమ్. అది యంత్రాన్నంతా నడిపించే మూల ప్రోగ్రామైన కెర్నల్‌లో భాగం కాబట్టి, దాని కోడ్‌లో తప్పుంటే ఒక్కోసారి యంత్రమంతా ఆగిపోతుంది.

అప్పుడు వెంటనే రిపేర్ టూల్ నడపకండి, ఆధారాలు చెరిగిపోతాయి. ముందు తెర మీది సందేశాన్ని ఫోటో తీయండి. అందులో ‘కాల్ ట్రేస్’ కీలకం. ఏ ఫంక్షన్ల వరసలో కెర్నల్ కూలిందో అది చూపిస్తుంది. కెర్నల్ వెర్షన్, అప్పుడు నడుస్తున్న పని, అదే లోపాన్ని మళ్లీ రప్పించే పద్ధతి కూడా రిపోర్టులో రాయండి.

రిపోర్టుతో పాటు డేటా పంపితే విడుదల కాని సినిమా బయటికి పోతుందని నిర్మాతల భయం. డిస్కును అన్‌మౌంట్ చేసి ఎక్స్‌ఎఫ్‌ఎస్ మెటాడంప్ అనే టూల్ నడిపితే చిట్టా మాత్రమే కాపీ అవుతుంది, దృశ్యాలు రావు. ఫైళ్ల పేర్లను సైతం చాలావరకు మరుగుపరుస్తుంది. కెర్నల్ కూలినప్పుడు కెడంప్ అనే సదుపాయం దాచిన మెమరీ కాపీలో మాత్రం ఫుటేజీ ముక్కలు ఉండొచ్చు. దాన్ని ఎవరికి పడితే వారికి పంపకండి.

పాత వెర్షన్ బాగుండి కొత్తది కూలుతోందా? గిట్ బైసెక్ట్ అనే టూల్ ప్రతి పరీక్షకూ అనుమానిత కోడ్ మార్పుల్ని సగానికి తగ్గిస్తుంది. వెయ్యి మార్పుల్లో దోషిని సుమారు పది పరీక్షల్లో పట్టొచ్చు.

రిపోర్టును మీ లైనక్స్ పంపిణీదారుకు, లేదా కెర్నల్ సోర్సులోని ‘మెయింటైనర్స్’ ఫైల్లో ఉన్న బాధ్యులకు పంపండి. బోరబండ నుంచి వెళ్లిన ఒక్క మంచి రిపోర్టుతో వచ్చే సవరణ, ఆ కెర్నల్ వాడే అందరి డేటానూ కాపాడగలదు. అందుకే రాయండి.