బాస్కెట్‌బాల్ పెళ్ళిచూపులు

1984 జూన్‌లో అమెరికాలోని పోర్ట్‌లండ్ జట్టుకి ఒక చిక్కొచ్చి పడింది. ఎన్.బి.ఏ. డ్రాఫ్టులో రెండో వంతు వాళ్ళది. మొదటి వంతులో హ్యూస్టన్ వాళ్ళు ఒలాజువాన్‌ని తీసేసుకున్నారు. షూటింగ్ గార్డు స్థానానికి క్లైడ్ డ్రెక్స్‌లర్ అనే చురుకైన కుర్రాణ్ణి అంతకు ముందు ఏడే తెచ్చుకున్నారు. లేనిదల్లా పొడుగాటి సెంటర్. అందుకని ఏడడుగుల పైచిలుకు శామ్ బౌవీని ఎంచుకున్నారు. కాలి ఎముక విరిగి అతను కాలేజీలో రెండు సీజన్లు ఆడలేదని తెలిసే తీసుకున్నారు. మూడో వంతులో షికాగో వాళ్ళకి దక్కినవాడు మైకేల్ జోర్డాన్!

బౌవీ పోర్ట్‌లండ్ తరఫున ఐదు సీజన్లలో ఆడింది 139 ఆటలే. ఈ కథ చెప్పి అందరూ నవ్వుతారు గానీ, నాకు మాత్రం వాళ్ళ తర్కం బాగా తెలిసినదే అనిపిస్తుంది. మన కాంపస్ ఇంటర్వ్యూల్లో "ఈ ప్రాజెక్టుకి జావా వచ్చినవాడు కావాలి" అని పట్టుబట్టి, పక్కన కూర్చున్న అసలు సిసలు తెలివైనవాణ్ణి పంపించేసేది ఇదే తర్కంతో కదా.

డ్రాఫ్టంటే మన ఐ.పి.ఎల్. వేలంలాంటిది కాదు. ఇందులో డబ్బుతో పాడుకోవడం ఉండదు, వంతులే ఉంటాయి. ఓడిన జట్లకి ముందు వంతు వచ్చేలా లాటరీ తీస్తారు. 14 బంతుల్లోంచి నాలుగు తీస్తే వచ్చే కలయికలు 1001. అందులో వెయ్యింటిని జట్లకి పంచుతారు. అన్నిటికన్నా అధ్వాన్నంగా ఆడిన జట్టుకి ఒకప్పుడు వెయ్యింటిలో 250 ఇచ్చేవారు. కావాలని ఓడిపోతున్నారన్న గొడవ ముదిరి, 2019 నుంచి అడుగున ఉన్న మూడు జట్లకీ తలా 140 చేశారు.

సరే, వంతు వచ్చింది. ఎవర్ని తీసుకోవాలి? కాలేజీలో 40 నిమిషాల ఆట, ఎన్.బి.ఏ.లో 48. కుర్రాడు ఒక్క ఏడాదే కాలేజీలో ఉంటే మన చేతిలో ఉండేది ముప్పై చిల్లర ఆటల లెక్క. అందులోనూ కొన్ని బలహీనమైన జట్లతో ఆడినవి. కాబట్టి మొత్తం పాయింట్లు చూడకూడదు, నిమిషాల లెక్కన, ప్రత్యర్థి బలాన్ని బట్టి సవరించి చూడాలి. వయసు మరీ ముఖ్యం. 19 ఏళ్ళవాడు, 22 ఏళ్ళవాడు ఒకే అంకె చూపిస్తే, పెరగడానికి చోటున్నది మొదటివాడికే.

ఒక తమాషా ఏమిటంటే, దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు రేపు ఎలా వేస్తాడో చెప్పడానికి ఈరోజు వేసిన ఆ షాట్లకన్నా, ఎవరూ అడ్డురాని ఫ్రీ త్రోల శాతమే తరచు నమ్మకంగా ఉంటుంది. కొలతలదీ ఇదే కథ. 2007లో 84 కిలోల బరువు ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడని కెవిన్ డ్యురాంట్ గురించి చెవులు కొరుక్కున్నారు. ఆ ఏడు మొదటి వంతు మళ్ళీ పోర్ట్‌లండ్‌దే. వాళ్ళు తీసుకున్నది ఏడడుగుల గ్రెగ్ ఓడెన్‌ని. అతని మోకాళ్ళు నిలవలేదు, డ్యురాంట్ ఇంకో జట్టులో చేరి పాయింట్ల యంత్రమయ్యాడు.

మరి లెక్కలన్నీ కంప్యూటరుకిచ్చేస్తే? హ్యూస్టన్ జట్టులో కంప్యూటర్ సైన్సు చదివిన డారిల్ మోరీ ఆ పనే చేశాడు. 2010లో హార్వర్డ్ కుర్రాడు జెరెమీ లిన్‌ని అతని మోడల్ మెచ్చుకుంది. మనుషులు నమ్మలేదు, ఏ జట్టూ అతన్ని డ్రాఫ్టులో తీసుకోలేదు. 2012లో లిన్ న్యూయార్క్‌ని ఊపేశాడు. అయితే మోడల్‌కీ ఒక గుడ్డిచుక్క ఉంది. అది నేర్చుకునేది ఆడనిచ్చినవాళ్ళ ఫలితాల నుంచే. బారీ స్టా, హా హోయాంగ్ 1995లో చూపించినది ఇదే: ముందు వంతులో వచ్చినవాడికి, ఆట అంతే ఉన్నా, ఎక్కువ నిమిషాలు, ఎక్కువ ఏళ్ళు దొరుకుతాయి. పోసిన పెట్టుబడి మీద మమకారమన్నమాట. చివర్లో వచ్చినవాడికి రెండు చెడ్డ రాత్రులు చాలు, ఇంటిదారి పట్టడానికి.

ఇక జట్టు అవసరం మాటకొస్తే, నా లెక్క ఇది. ఆటగాళ్ళని ముందు అంతస్తులుగా విడదీయాలి. ఒకే అంతస్తులో ఇద్దరు మిగిలితేనే అవసరం చూడాలి. ఈ కుర్రాడు చేతికందేసరికి మూడేళ్ళు పడుతుంది, ఈనాటి ఖాళీ అప్పటికి ఉంటుందా? 2009లో మాంటా ఎల్లిస్ ఉండగానే గోల్డెన్ స్టేట్ వాళ్ళు ఏడో వంతులో స్టెఫెన్ కర్రీని తీసుకున్నారు. ఇద్దరూ చిన్న గార్డులే. 2012లో ఎల్లిస్‌ని మారకం వేసి సెంటర్‌ని తెచ్చుకున్నారు. అవసరం అలా తీరింది.

నేను ఇది రాస్తున్న తన్లిన్‌లో (యాంగోన్ నుంచి బాగో నది దాటితే వస్తుంది, తెల్లదొరల నాటి సిరియం) కుర్రాళ్ళు పేము బంతితో చిన్‌లోన్ ఆడతారు. ఆరుగురు గుండ్రంగా తిరుగుతూ బంతి కింద పడకుండా కాళ్ళతో తన్నుతారు. సంప్రదాయపు ఆటలో ప్రత్యర్థీ లేడు, పాయింట్లూ లేవు. ఎవడు మొనగాడో చూసేవాళ్ళకి ఇట్టే తెలుస్తుంది, కంప్యూటరుకి చెప్పడానికి అంకె మాత్రం ఉండదు. బాస్కెట్‌బాల్‌లో రక్షణ కొంత ఇలాంటిదే. సరైన చోట నిలబడ్డం, తోటివాణ్ణి కేకేసి హెచ్చరించడం ఏ స్కోరు పట్టీలోకీ ఎక్కవు. మిషిగన్ స్టేట్‌లో నాలుగేళ్ళూ చదివిన డ్రేమండ్ గ్రీన్ ఒక స్థానానికి పొట్టి, ఇంకో స్థానానికి నెమ్మది అన్నారు. 2012లో 35వ వంతు దాకా ఎవరూ పిలవలేదు. 2017లో ఎన్.బి.ఏ. ఉత్తమ రక్షకుడి బహుమతి అతనిదే.