మీకు తెలుసా? ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఎన్ని పిక్సెళ్లు?

ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని పొడవైన ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాటేసేదాకా ప్రపంచ రికార్డు దానిదే. ఇప్పుడా స్థానం హుబ్బళ్లిది.

దీన్ని కొలత తప్పకుండా కంప్యూటర్‌లో బొమ్మగా వేయాలంటే కాన్వాస్ ఎంత ఉండాలి? 10 సెంటీమీటర్లకు ఒక పిక్సెల్ చొప్పున 10,725 పిక్సెళ్ల వెడల్పు చాలు. అంగుళానికి 300 చుక్కలతో అచ్చు వేస్తే దాదాపు మూడడుగుల బొమ్మ వస్తుంది. కానీ అందులో మనిషి ఎత్తు 17 పిక్సెళ్లే, ముఖకవళికలు గీయడం కుదరదు. సెంటీమీటరుకో పిక్సెల్ అంటే వెడల్పు 1,07,250కి చేరుతుంది. ఫోటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైలు 30,000 దగ్గరే ఆగిపోతుంది, పెద్ద ఫైళ్లకు వాడే పీఎస్‌బీగా దాచుకోవాలి.

పెద్దదైతే మంచిదే కదా అనుకోవద్దు. 10,725 × 2,000 కాన్వాస్‌లో నిండుగా రంగు వేసిన ఒక్కో లేయరుకే సుమారు 86 మెగాబైట్ల మెమరీ కావాలి. బొమ్మలు గీసే ప్రోక్రియేట్ యాప్‌లో కాన్వాస్ పెరిగేకొద్దీ దొరికే లేయర్లు తగ్గిపోతాయి.

ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరు. అక్కడ ఉగాదికి ఏ4 ఆహ్వానపత్రం వేసేవారికి 2,480 × 3,508 పిక్సెళ్లు సరిపోతాయి. పదడుగుల ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 72 చుక్కలు, అంటే 8,640 పిక్సెళ్ల వెడల్పు చాలు. ఈ లెక్క మొదటి గీతకు ముందే చూసుకోవాలి. చిన్న కాన్వాస్‌పై వేసిన బొమ్మను తర్వాత సాగదీస్తే గీతలు మసకబారతాయి.