లెక్కకు వెలుపలి నేల

పనీపాటా లేక ఊరిమీద తిరిగే కుఱ్ఱవానిని పల్లెలలో పెద్దలు 'పోరంబోకు' అని మందలిస్తారు. ఆ తిట్టు అందఱికీ తెలిసినదే. దాని పుట్టుక ఎఱిగినవారు తక్కువ. నిజానికిది మనిషికి పెట్టిన పేరు కాదు, నేలకు పెట్టిన పేరు. తమిళంలోని 'పుఱంబోక్కు' అనే మాట నుండి ఇది వచ్చినది. 'పుఱం' అనగా వెలుపల. శిస్తు లెక్కకు వెలుపల ఉన్న భూమి అని దాని అర్థం. పశువుల బాట, కళ్ళం, శ్మశానం, చెఱువు గర్భం, వాగు గట్టు, మందలు మేసే గుట్ట - వీటిపై శిస్తు లేదు. శిస్తు లేదు గనుక సర్కారు పుస్తకంలో వీటికి ఆదాయం లేదు. ఆదాయం లేనిది క్రమంగా విలువ లేనిదైనది. విలువ లేనిది చివఱకు తిట్టయినది. ఒక మాట ఈ విధంగా దిగజారడం వెనుక ఒక సీమ చరిత్ర దాగి ఉన్నది.

ఆ సీమ అనంతపురం పీఠభూమి. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనం తూర్పు తీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతుంది. సంవత్సరమంతటికీ సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా నిదానంగా కురిసేది కాదు; కొద్ది దినాలలో ఉఱుములతో వచ్చి, ఎఱ్ఱమట్టిని కోసుకొని పోతుంది. ఇట్టి చోట ఊరు నిలవాలంటే పడిన చుక్కను పట్టి ఉంచాలి. పూర్వులు ఈ సంగతి తెలిసి బ్రతికినారనడానికి ఊళ్ళ పేర్లే సాక్ష్యం: బుక్కరాయసముద్రం, కొత్తచెఱువు, నల్లచెఱువు, ఓబులదేవరచెఱువు, నంబులపూలకుంట. అనంతపురం పట్టణానికి సైతం ఆ పేరు 14వ శతాబ్దిలో విజయనగర ప్రభువుల కాలాన వెలసిన అనంతసాగరమనే చెఱువు వలననే కలిగినది.

అయితే చెఱువనగా కట్ట ఒక్కటే కాదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనం ఒకటి కడప జిల్లా పోరుమామిళ్ళలో ఉన్నది. మంచి చెఱువుకు పండ్రెండు అంగాలు, చెఱువుకు సంభవించే దోషాలు ఆఱు అని అది లెక్కించి చెప్పినది. ఆ అంగాలలో చెఱువును ఆనుకొన్న కొండ ఒకటి. ఆఱున్నర శతాబ్దాల క్రిందటి ఆ శాసనకర్త ఎంత దూరం ఆలోచించినాడో గమనింపదగినది. గడ్డి కప్పిన గుట్టపై పడిన వాన వేళ్ళ మధ్య ఆగి, కొంత నేలలో ఇంకి, కొంత తేటయై వాగులోనికి దిగుతుంది. ఇంకిన నీరు వేసవిలో బావికి ఊట అవుతుంది. అదే గుట్ట బోడి అయినప్పుడు నీటితోపాటు మన్నూ దిగుతుంది. కొండ బోడి అయితే చెఱువు పూడుతుంది. చెఱువు పూడితే ఊరు వలసపోతుంది. కనుక ఊరి చుట్టూ ఉన్న గుట్ట ఖాళీ స్థలం కాదు. అది ఊరి నీటికి ఆధారం.

శాసనం అంగమన్న ఆ కొండను తరువాతి కాలపు దస్తరం మఱొక పేరుతో పిలిచినది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినాడు. దత్తమండలాలకు తొలి ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1807 వఱకు ఇక్కడ పనిచేసి, పొలాలను కొలిపించి, రైత్వారీ పద్ధతికి పునాది వేసినాడు. రైతుకు పట్టా, సర్కారుకు శిస్తు - ఈ ఏర్పాటులో సాగు భూమికి స్పష్టమైన స్థానం దొరికినది. మందకు, గడ్డికి, వాగుకు దొరకలేదు. ఎవరి పేరా లేని నేల సర్కారుదయినది. సాగు కానిది బంజరయినది. ఊరి కట్టుబాటు ఉన్నంత కాలం ఈ పేర్ల వలన పెద్ద నష్టం కలుగలేదు. కట్టుబాటు సడలిన తరువాత గుట్టలు వంటచెఱకుకు, బొగ్గుకు ఆహుతి అయినవి. చిఱుధాన్యాలు పండిన చేలను వేరుసెనగ ఆక్రమించినది. కొఱ్ఱ గడ్డి, జొన్న చొప్ప తఱిగినకొద్దీ మేతకు గుట్టపై ఒత్తిడి పెరిగినది. 2000లో జాతీయ దూరసంవేదన సంస్థ దేశంలోని బంజరు భూముల పటసంపుటిని ప్రకటించినప్పుడు, ముళ్ళపొదలు గడ్డి కలిసిన ఇట్టి నేలలకు అందులోనూ చోటు దొరికినది. పాత దస్తరం మాట కొత్త శాస్త్రం పటాలలోనికి ప్రవేశించినది.

ఆ మాట తప్పని కొన్ని గ్రామాలవారు చేతలతో చూపినారు. 1990లో చెన్నేకొత్తపల్లి సమీపాన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 32 ఎకరాల బీడు భూమిలో పని ఆరంభించినది. నరకకుండా, తగులబెట్టకుండా, అతిగా మేపకుండా కాపాడితే నేల తనంతట తానే చిగురిస్తుందని వారికి అక్కడ తెలిసినది. ఆ అనుభవమే ముష్టికోవెల, కోగిర మొదలైన గ్రామాలకు వ్యాపించినది. ఊరివారు సహకార సంఘంగా ఏర్పడి, రెవెన్యూ లెక్కలలో బంజరుగా ఉన్న గుట్టలను కాపాడ పూనుకొన్నారు. క్రమంగా 7,000 ఎకరాలకు మించిన ఆ నేలకు వారు పెట్టుకొన్న పేరు 'కల్పవల్లి'. నేడది 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది.

కల్పవల్లిలో జరిగిన పనిలో అద్భుతమేమీ లేదు, ఓర్పు ఉన్నది. ఎండకాలంలో గుట్టకు మొదటి శత్రువు నిప్పు. అందుచేత వేసవికి ముందే గడ్డిని వరుసలుగా కోసి, మంట ఒక వైపు నుండి మఱొక వైపుకు ప్రాకకుండా ఖాళీ బాటలు తీస్తారు. కాపలాకు మనుషులను నియమించుకొన్నారు. పచ్చి చెట్టు నరకరాదన్నారు. అంతేగాని గుట్టకు కంచె వేసి మనుషులను వెళ్ళగొట్టలేదు. గొఱ్ఱెల కాపరి తన మందతో వస్తాడు. ఇంటి కప్పుకు కావలసిన బోద గడ్డిని కోసుకొంటారు. ఈత ఆకుతో చీపుర్లు, చాపలు, బుట్టలు చేసుకొంటారు. వాడుకొనేవారే కాపాడేవారు కావడం ఇందులోని కీలకం. గడ్డి తిరిగి వచ్చినది. ఈతచెట్లు వాగుల వెంట లేచినవి. నీరు ఎక్కువ కాలం నిలిచినది. గడ్డిని ఆశ్రయించిన చిన్న జంతువులతో పాటు తోడేలు సైతం ఈ గుట్టలలో జీవిస్తున్నది. గడ్డిభూమి చచ్చిపోయిన అడవి కాదు, అది వేఱొక సజీవ ప్రపంచమని దీనివలన బోధపడుతుంది.

ఇంత శ్రమకు పరీక్ష ఆకాశం నుండి కాక, గాలి నుండి వచ్చినది. ఈ గుట్టలపై వీచే గాలి విద్యుదుత్పత్తికి అనుకూలమైనది. 2010 తరువాత కల్పవల్లి శిఖరాలపై గాలిమరలు వెలసినవి. గాలి నుండి విద్యుత్తు తీయడం మంచి పనే. పొగ లేదు, బొగ్గు అక్కఱ లేదు. కాని నిలువెత్తు మరను కొండపైకి చేర్చాలంటే పెద్ద వాహనాలు పోగల వెడల్పయిన బాట కావాలి. బాటల కొఱకు వాలులు తొలిచినారనీ, తొలిచిన మన్ను వాగులలోనికి జారినదనీ, మేత నశించినదనీ సహకార సంఘం ఫిర్యాదు చేసినది. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారం గాలి విద్యుత్ కేంద్రాలకు ముందస్తు పరిశీలన అవసరం లేదు. భూమి లెక్కలలో బంజరు. బంజరుకు నష్టమేమిటన్న ప్రశ్నకు దస్తరంలో జవాబు లేదు. వివాదం 2013లో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ ధర్మాసనం ముందుకు వెళ్ళినది. రెండు దశాబ్దాలు గుట్టను కాచినవారు, ఆ గుట్ట ఉన్నదని న్యాయస్థానంలో రుజువు చేయవలసి రావడం ఆలోచింపదగిన విషయం.

ఇట్టి పోరాటం ఈ సీమకే ప్రత్యేకం కాదు. లండన్ నగరం చెంత ఎప్పింగ్ అనే వనం ఉన్నది. 19వ శతాబ్ది నడుమ అక్కడి భూస్వాములు ఆ వనాన్ని ముక్కలుగా కంచె వేసి కలుపుకోసాగినారు. లౌటన్ గ్రామానికి చెందిన తామస్ విల్లింగేల్ అనే సామాన్యుడు, చలికాలంలో కొమ్మలు కొట్టుకొనే ఊరి హక్కును విడువనని నిలిచినాడు. 1865లో ఉమ్మడి భూముల రక్షణకు ఒక సంఘం ఏర్పడినది. లండన్ నగర పాలకులు న్యాయస్థానంలో వ్యాజ్యం వేసినారు. ఫలితంగా 1878లో చట్టం వచ్చినది. ఆ వనం ఎన్నటికీ కంచె లేకుండా, సహజ రూపంలో ఉండాలని అందులో వ్రాసినారు. 1882లో విక్టోరియా రాణి వచ్చి దానిని ప్రజలకు అంకితం చేసినది. అనంతపురం జిల్లా వేఱుగా ఏర్పడిన సంవత్సరమూ అదే. అక్కడి ఊరిజనం పట్టుదల చట్టమై నిలిచినది. ఇక్కడి ఊరిజనం శ్రమ ఇంకా లెక్కకు వెలుపలనే ఉన్నది. రెంటికీ ఉన్న భేదం ఇదే.

న్యాయం మన దేశంలోనూ మౌనంగా లేదు. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామాల ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి, వాటిని తిరిగి గ్రామానికి అప్పగించే పథకాలు సిద్ధం చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించినది. ఆ తీర్పులో 'పోరంబోకు' అన్న మాట సైతం కనబడుతుంది. తిట్టుగా మిగిలిన మాట అత్యున్నత న్యాయస్థానంలో రక్షింపదగిన ఆస్తిగా గౌరవం పొందినది. కాని తీర్పు తనంతట తాను గుట్ట ఎక్కదు. దానిని అడిగే గ్రామసభ ఉండాలి.

అడగవలసిన కాలం ఇదే. చెన్నేకొత్తపల్లి, పెనుకొండల మీదుగా బెంగళూరు-హైదరాబాదు రహదారి పోతున్నది. పెనుకొండ సమీపాన ఎఱ్ఱమంచిలో 2019లో కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించినది. పనులు వచ్చినవి, వలసపోయే యువకులకు ఇది శుభమే. కాని దారి వెంట ఊళ్ళు పట్టణాలవుతూ ఉంటే మొదట కరిగిపోయేది ఎవరి పేరా లేని నేలయే. పట్టా భూమికి యజమాని అడ్డుపడతాడు. కుంటకు, వాగుకు, మేత గుట్టకు అడ్డుపడేవారెవరు? కట్టిన ఇంటిని ఎక్కడైనా కట్టుకోవచ్చు. వాన దిగే వాలును వేఱొక చోటికి మార్చలేము.

ఇక్కడ పాఠశాల చేయగల పని ఒకటి ఉన్నది. ప్రతి గ్రామానికీ సర్వే పటం ఉన్నది. ఏ వాగు ఎక్కడ పుట్టి ఏ చెఱువులో కలుస్తున్నదో, ఏ నేల పోరంబోకో, ఏది బంజరో అందులో గీసి ఉంటుంది. ఒక ఉపాధ్యాయుడు తన విద్యార్థులతో ఆ పటం పట్టుకొని ఒక్క ఆదివారం ఊరి చుట్టూ నడిస్తే చాలు. పటంలో ఉన్న కుంట నేలపై ఉన్నదా? గుట్టపై గడ్డి పేర్లు తాతలకు తెలుసునా? వాటిని పిల్లలు ఒక పుస్తకంలో వ్రాసుకొంటే, అది దస్తరం విడిచిపెట్టిన లెక్క అవుతుంది. భూగోళం, చరిత్ర, భాష మూడూ ఆ ఒక్క నడకలో పాఠమవుతాయి. రేపు ఆ గుట్ట గుఱించి గ్రామసభలో ప్రశ్న వచ్చినప్పుడు, జవాబు చెప్పగల పౌరులు ఆ తరగతి నుండే రావాలి.

పూర్వుల శాసనం కొండను చెఱువుకు అంగమన్నది. దస్తరం దానిని బంజరన్నది. కల్పవల్లి కాపరులు రెంటిలో మొదటి మాటే నిజమని ముప్పది ఏండ్లు కాపలా కాచి నిరూపించినారు. ఆ నిజం లెక్కలోనికి ఎక్కేవఱకు వారి కాపలా ముగియదు.