అట్టపెట్టె మీది వాట్లు

స్పీకర్లకు జతగా ఒక చిన్న ఆంప్లిఫయర్ కొందామని దుకాణానికి వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా ముందు కనిపించేది వాట్ల లెక్కే. ఇది 50, అది 100, పక్కది 300. ఆ అంకెకూ మన ఇష్టానికి తగ్గ ధ్వనికీ ఉన్న సంబంధం చాలా తక్కువ. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్ ఒక్క వాట్ తీసుకుని మీటరు దూరంలో దాదాపు 86 డెసిబెళ్లు వినిపిస్తుంది. ఇద్దరు మాట్లాడుకునే మాట 60 డెసిబెళ్ల చిల్లర. సోఫా రెండు మూడు మీటర్ల అవతల ఉన్నా హాయిగా వినడానికి ఒక వాట్‌లో కొంత భాగం చాలు. డప్పు మీద గట్టి దెబ్బ పడ్డ క్షణాన ముప్పై రెట్లు కావలసి వచ్చినా పది వాట్లు దాటడం అరుదు. పైగా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు తోచాలంటే వాట్లు పది రెట్లు కావాలి.

పోనీ, ఆ అంకె అయినా నిజమా? ఒకప్పుడు టేప్‌రికార్డర్ల మీద గొప్పగా అచ్చువేసిన పీఎంపీఓ వాట్లకు ఏ ప్రమాణమూ లేదు. ఆ మాట ఇప్పుడు తగ్గింది గానీ ఆ బుద్ధి పోలేదు. అడాప్టర్ తిప్పి చూడండి. 24 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంటే అది నిలకడగా ఇవ్వగలిగింది 72 వాట్లు. పెట్టె మీద 100+100 అని ఉంటే మిగతా 128 ఎక్కడి నుంచి వస్తాయి? ఈ చిన్న ఆంప్లిఫయర్లలో చాలావరకు క్లాస్ డి రకం. అందిన కరెంటులో 90 శాతం దాకా స్పీకర్లకు చేర్చగలవు కాబట్టే పెద్దగా వేడెక్కవు, అంత చిన్న డబ్బాలో ఇముడుతాయి. అయినా లేని కరెంటు పుట్టించలేవు కదా.

అసలు అభిరుచి తేలేది మనం ఎంత శబ్దంతో వింటామన్న దగ్గర. శబ్దం తగ్గేకొద్దీ చెవికి ఎక్కువగా మందగించేది బేస్ అని ఫ్లెచర్, మన్సన్‌ల కొలతలు 1933లోనే చూపించాయి. అందుకే పెళ్లిపందిట్లో గుండెకు తగిలిన పాటే, రాత్రి పిల్లలు పడుకున్నాక సన్నగా పెడితే పలచబడిపోతుంది. ఇళయరాజా పాటలో బేస్ గిటార్ నడక వెనక్కి పోయి గొంతూ వయొలిన్లూ మిగులుతాయి. అలా వినేవాళ్లకు పనికొచ్చేవి బేస్, ట్రెబుల్ నాబ్‌లు, దొరికితే లౌడ్‌నెస్ స్విచ్. 'రికార్డు చేసింది చేసినట్టే వినాలి, నాబ్‌లు తిప్పితే పాడవుతుంది' అనేవాళ్లున్నారు. కానీ స్టూడియోలో ఇంజనీరు విన్నంత గట్టిగా మనం వినడం లేదు. కాబట్టి నాబ్ ముట్టుకోకపోయినా మనకు వినిపించేది ఆయన విన్న పాట కాదు. 'మాయాబజార్' (1957) నాటి మోనో పాటలకైతే ట్రెబుల్ కాస్త తగ్గించినా తప్పులేదు. సరసర అణిగి ఘంటసాల గొంతు ముందుకొస్తుంది.

ఒక్కో ఆంప్లిఫయర్‌కు ఒక్కో గొంతు ఉంటుందన్నది ఇంకా బలమైన అభ్యంతరం. వాల్వులతో చేసినవాటి విషయంలో అది కొంత నిజమే. అయితే అమెరికాలో 'స్టీరియో రివ్యూ' పత్రిక 1987లో చవక రకం నుంచి వేల డాలర్ల రకం దాకా ఆంప్లిఫయర్లను, శబ్దం సమానం చేసి, పేర్లు చెప్పకుండా వినిపించింది. ఏది ఏదో శ్రోతలు నమ్మకంగా పోల్చలేకపోయారు. అంతకు రెండేళ్ల ముందు ఆంప్లిఫయర్ల తయారీదారు బాబ్ కార్వర్ తన ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌ను 'స్టీరియోఫైల్' పత్రిక సంపాదకులు ఎంచుకున్న ఖరీదైన దానితో సరిపోల్చాడు. రెండింటి మధ్య తేడాను కొలుస్తూ, దాన్ని తగ్గిస్తూ పోయాడు. చివరికి సంపాదకులు ఏది ఏదో చెప్పలేకపోయారు. 'వెచ్చని గొంతు' అని ముచ్చటపడేది కూడా సర్క్యూట్‌లో సర్దుకోగలిగిన గుణమేనన్నమాట. ఇలాంటి పరీక్షల్లో హడావుడిగా వింటే సూక్ష్మమైన తేడా పట్టుబడదనే వాదన ఉంది. కావచ్చు. శబ్దం సమానం చేయగానే మాయమయ్యే తేడా మీద మాత్రం ముందుగా డబ్బు పెట్టడం నాకు సబబుగా తోచదు. ఆ డబ్బు స్పీకర్లకు పోవాలి.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్నా, ఇంటికి తెప్పించుకున్నా, మీరు రోజూ వినే పాటను మీరు వినేంత సన్నగా పెట్టించి చూడండి. వాల్యూమ్ కాస్త తిప్పగానే శబ్దం ఒక్కసారి ఎగిరిపడితే రాత్రిపూట దానితో తంటాలే. పాట ఆపాక కూర్చున్న చోటికి 'స్' మని వినబడితే అదీ వద్దు. టీవీకి కలిపేవాళ్లు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉందో లేదో చూసుకోవాలి. అది లేకపోతే చాలాసార్లు టీవీకొకటి, వాల్యూమ్‌కొకటి, సోఫా మీద రెండు రిమోట్లు పెట్టుకోవాలి.