పసిబిడ్డ చర్మము - రైతుయింటి జాగ్రత్తలు

వేరుసెనగ విత్తినది మొదలు కాయ యింటికి చేరువఱకు రైతు చేనిని కంటికి రెప్పవలె కాచును. ఆకుమీద మచ్చ కనబడిన మఱునాడే మందు తెచ్చును. అదే రైతుయింట ఉయ్యాలలోని బిడ్డకు ఎఱ్ఱని పొక్కు లేచినచో, "దానంతట అదే పోవును" అని యూరకుండుటయో, చేతికందినదెల్ల పూయుటయో జరుగుచున్నది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల సభ్యులకు ఈ విషయమున నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

పెద్దల చర్మము గోడవంటిది. పసిబిడ్డ చర్మము తడికవంటిది. దాని పైపొర పలుచన. లోని తేమ త్వరగా బయటికి పోవును. బయటి ద్రవ్యము త్వరగా లోనికి పోవును. బరువుతో పోల్చి చూడగా బిడ్డ చర్మపు వైశాల్యము పెద్దవారికంటె రెండుమూడింతలు. కావున పెద్దలకు హాని చేయని పూత బిడ్డకు విషము కావచ్చును. 1972లో ఫ్రాన్సు దేశమున ఒక శిశువుల పౌడరులో హెక్సాక్లోరోఫీన్ అను క్రిమిసంహారక ద్రవ్యము పొరపాటున మితిమీరి కలిసెను. ఆ పౌడరు అద్దిన 204 మంది పిల్లలు జబ్బుపడిరి. వారిలో 36 మంది మరణించిరి. వారు దానిని తినలేదు. చర్మము గుండనే విషమెక్కెను.

ఇట్టి ద్రవ్యములు మన యిండ్లలోను గలవు. చేనిలో పురుగుమందు చల్లి వచ్చిన తండ్రి, బిడ్డ యేడ్పు విని ఆ బట్టలతోనే యెత్తుకొనును. ఆ ప్రేమయే ముప్పు. చల్లిన బట్టలను వాకిటనే విడిచి, సబ్బుతో స్నానము చేసి, పిమ్మటనే బిడ్డను ముట్టవలెను. ఆ బట్టలను బిడ్డ బట్టలతో కలిపి ఉతుకరాదు. ఖాళీయైన మందుసంచులను, ఎరువుసంచులను పిల్లల పడకకు పఱవరాదు.

పెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన బట్టలను చంటిబిడ్డకు కప్పరాదు. కొందఱు బిడ్డలకు పుట్టుకతోనే జి-6-పి-డి లోపము ఉండును. అట్టి వారికి ఆ ఉండల ఆవిరి సోకినచో రక్తకణములు పగిలి కామెర్లు ముదురును. కర్పూరము కలిపిన నూనెయు పసివారికి తగదు. అది చర్మము గుండ లోనికి పోయి మూర్ఛలు తెప్పింపగలదు.

ఇక స్నానము మాట. పుట్టిన బిడ్డ యొంటిమీది తెల్లని జిడ్డు మలినము కాదు. ప్రకృతి పూసిన లేపనము. దానిని రుద్ది తీయరాదు. తొలి స్నానము 24 గంటలు గడచిన తరువాతనే చేయింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తరువాతను నీరు గోరువెచ్చగా నుండవలెను. మోచేయి ముంచి చూచుకొనుడు. మన సీమలో వాన తక్కువ, గాలి పొడి. బోరునీరు పలుచోట్ల కఠినము. అందు సబ్బు సరిగా వదలదు. కావున బిడ్డకు సబ్బు మితముగా వాడి, గుడ్డలను రెండుమారులు జాడించి ఎండలో నారవేయవలెను. నలుగుపిండితో గట్టిగా రుద్దుట మానవలెను. మెత్తని గుడ్డతో తడి అద్ది, వాసనలు కలుపని కొబ్బరినూనె పలుచగా రాయుడు. మెడ, చంకలు, తొడల మడతలు ఆరియుండునట్లు చూడుడు. తడిసిన గుడ్డ వెంటనే మార్చినచో ఒరపులు రావు. పౌడరు ధూళి ఊపిరిలోనికి పోవును గనుక దాని యవసరము లేదు.

నామకరణమునాడు ధర్మవరపు పట్టు కట్టుట మన ముచ్చట, కాదనము. అయితే జరీ అంచు బిడ్డ యొంటికి ఒరయకుండ లోపల పాత నూలుగుడ్డ వేయుడు.

బొడ్డుకు బూడిద, పసుపు, నూనె ఏదియు పెట్టరాదు. పొడిగా నుంచిన చాలును. ధనుర్వాతము పూర్వము అట్టి పూతలగుండ ఎందఱో పసివారిని పొట్టబెట్టుకొన్నది. టీకాల వలనను, శుభ్రమైన కాన్పుల వలనను 2015లో మన దేశము తల్లులకు, నవజాత శిశువులకు వచ్చు ధనుర్వాతమును అదుపు చేసినట్లు ప్రకటింపబడెను. ఆ ఫలము నిలుపుకొనవలసినది మనమే.

చీముపొక్కులు లేచినను, బొడ్డు చుట్టు ఎఱ్ఱనైనను, అఱచేతులు, అఱకాళ్లు పచ్చబడినను, ఒళ్లు కాలినను, చల్లబడినను, పాలు త్రాగకున్నను ఇంటివైద్యము చేయక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కాన్పయిన 42 దినములలో ఆశా కార్యకర్త పలుమారులు ఇంటికి వచ్చును. అమ్మలక్కలు ఆమెకు బిడ్డ ఒళ్లంతయు విప్పి చూపవలెను.

గోరువెచ్చని నీరు, పాత నూలుగుడ్డ, గరిటెడు కొబ్బరినూనె - వీనికి సంఘమున అప్పు చేయనక్కఱలేదు. సభ్యులు చేనికి మందు కొన్ననాడు దానితో ఒక సబ్బుబిళ్ల కూడ కొనవలెనని మా మనవి. అది చేనికి కాదు. మందు చల్లి ఇంటికి వచ్చి బిడ్డ నెత్తుకొను చేతులకు.