గడ్డమంచుకు మాడిన మొక్కలను తొందరపడి తొలగించరాదు

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి గ్రామం సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నది. ఆరుబయట నిలిచినవారు కొయ్యబారిపోతారన్న అర్థంలో దీనిని కొర్రబయలు అని కూడా వ్యవహరిస్తారు. డిసెంబరు, జనవరి మాసాలలో ఇక్కడి చలిని ఆస్వాదించ వచ్చే పర్యాటకులను గురించి పత్రికలలో విరివిగా వార్తలు వెలువడుతుంటాయి. అదే చలికి పెరటిలోని బొప్పాయి, అరటి, మందార, కాఫీ నారు ఒక్క రాత్రిలో మాడిపోయే సంగతి మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు. మాడిన మొక్క చచ్చిపోయినట్లేనని భావించి వారం తిరగకుండానే పెరికివేస్తే, వేరు సజీవంగా ఉన్న మొక్కను కూడా కోల్పోవలసి వస్తుంది.

మబ్బులేని, గాలి కదలని రాత్రులలో నేల తన వేడిని ఆకాశంలోకి వెలువరించి త్వరగా చల్లబడుతుంది. బరువైన చల్లని గాలి వాలు వెంబడి జారి పల్లంలో నిలుస్తుంది. అందువల్లనే ఒకే గ్రామంలో మెరకన ఉన్న తోట పచ్చగా ఉండగా, పల్లంలోని తోట మాడిపోవడం కనిపిస్తుంది. వాతావరణ కేంద్రాలలో ఉష్ణమాపకాన్ని నేలకు మీటరుకు పైగా ఎత్తున, జాలీలు గల తెల్లని పెట్టెలో ఉంచుతారు. అది 3 లేక 4 డిగ్రీల సెల్సియస్ చూపుతున్న సమయంలోనే గడ్డిపైన, ఆకులపైన ఉష్ణోగ్రత సున్నాకు దిగవచ్చును. కనుక సున్నా డిగ్రీలు నమోదయినట్లు వ్రాసే విలేకరులు అది గాలి ఉష్ణోగ్రతయా, నేలమట్టపు ఉష్ణోగ్రతయా అన్నది పేర్కొనడం సమంజసం. నష్టానికి అసలు కారణం రెండవదే.

మొక్క లోపల ముందుగా కణాల నడుమనున్న నీరు గడ్డకడుతుంది. ఆ మంచు కణాలలోని నీటిని వెలికి లాగి వాటిని ఎండగొడుతుంది. ఎండ రాగానే ఆకు ఉడికించినట్లు మెత్తబడి, ఒకటి రెండు రోజులలో నల్లబడుతుంది. లేత చిగుళ్ళు మొదట నశిస్తాయి. ముదురు కాండం కొంత తట్టుకుంటుంది. నేల వెచ్చదనం వలన వేరు చాలావరకు సురక్షితంగా ఉంటుంది.

మాడిన కొమ్మలను వెంటనే కత్తిరించరాదు. ఎండిన ఆకులు చూపునకు అందంగా ఉండకపోవచ్చు గాని, తరువాతి చలి రాత్రులలో దిగువ మొగ్గలకు అవే కప్పు. పైగా ముందుగా కత్తిరిస్తే లేత చిగుళ్ళు వచ్చి మరుసటి మంచుకు బలి అవుతాయి. గడ్డమంచు భయం తొలగి, కొత్త చిగురు కనిపించిన తరువాతనే కత్తెర పట్టాలి. ఏ కొమ్మలో జీవమున్నదో తెలియాలంటే బెరడును గోటితో కొద్దిగా గీరి చూడాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే అది బ్రతికి ఉన్నట్లు. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఎండినట్లు. కొన నుండి మొదలుకు గీరుతూ వచ్చి, పచ్చదనం కనిపించిన చోట, మొగ్గకు కొద్దిగా పైన కత్తిరించాలి. మందార, కాగితంపూల వంటివి పైభాగం పూర్తిగా ఎండినా మొదలు నుండి తిరిగి లేస్తాయి.

ఈ నిరీక్షణ బొప్పాయికి వర్తించదు. దాని కాండం గుల్లగా ఉంటుంది గనుక కుళ్ళిన కొనను అలాగే వదిలితే కుళ్ళు కిందికి దిగుతుంది. గట్టి భాగం వరకు కోసి, కోతపై బోర్డో పేస్టు పూసి, గుల్లలోకి నీరు దిగకుండా పాలిథీన్ కాగితం కట్టాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో ఈ పేస్టు తయారవుతుంది. అరటిలో ఆకులన్నీ మాడినా నడిమి మొవ్వు గట్టిగా ఉంటే కొత్త ఆకు వస్తుంది. మొవ్వు కుళ్ళితే దుంప నుండి వచ్చే పిలకలను కాపాడుకోవాలి. లంబసింగి పరిసరాలలో సాగవుతున్న స్ట్రాబెర్రీలో పూవు నడిమి భాగం నల్లబడితే ఆ పూవు కాయ కట్టదు. మొక్క మొదలు చెక్కుచెదరకుంటే తరువాతి పూత యథావిధిగా వస్తుంది.

అంటుమొక్కలలో చిగురు ఎక్కడి నుండి వచ్చినదీ ముఖ్యం. మామిడి, గులాబీలలో అంటుకు దిగువన మొలిచినది వేరుమొక్క చిగురు మాత్రమే. దానిని చూసి సంతోషించి పెంచితే కోరిన రకం దక్కదు.

కాఫీ విషయంలో బ్రెజిల్ అనుభవం గమనార్హం. 1975 జూలైలో పరానా రాష్ట్రంలో కురిసిన గడ్డమంచుకు బహిరంగ ఎండలో పెంచిన కాఫీ తోటలు మాడిపోగా, ప్రపంచ విపణిలో ధరలు విపరీతంగా పెరిగినవి. మన్యంలో సిల్వర్ ఓక్ వంటి నీడ చెట్ల కింద కాఫీ పెంచడం వలన రాత్రివేళ వేడి అంత త్వరగా కోల్పోదు. అయినా మాడిన పెద్ద మొక్కలలో కాండం మొదలు పచ్చగా ఉంటే, నేలకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున ఏటవాలుగా కోసి, బలమైన ఒకటి రెండు చిగుళ్ళను ఉంచి పెంచవచ్చును. తిరిగి కాపుకు రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది.

మాడిన మొక్కకు బలం కొరకని యూరియా వేయడం మేలు కన్నా కీడే చేస్తుంది. ఆకులు లేని మొక్క నీటిని తక్కువగా తీసుకుంటుంది కనుక నిత్యం తడి పెట్టినా వేరు కుళ్ళుతుంది. చిగుళ్ళు విచ్చుకున్న తరువాత కొద్దికొద్దిగా ఎరువు వేస్తే చాలును. నీడ కోల్పోయిన కాండాలకు సున్నం పూస్తే ఎండదెబ్బ తగలదు. ఇక పొగ వేయడం గురించి ఒక మాట. మంట వేడి కొంత ఉపకరిస్తుంది గాని, పొగ నేల వేడిని ఆపలేదు. మంచు కురిసే సూచనలున్న సాయంత్రం నేలను తడిపి, నేల వరకు వ్రేలాడేటట్లు పాత చీరలు, గోనెలు కప్పి ఉదయం తీసివేయడం అంతకన్నా నమ్మదగిన ఉపాయం.

శీతల గాలులు, గడ్డమంచును కేంద్ర ప్రభుత్వం 2012లో సహాయానికి అర్హమైన విపత్తుల జాబితాలో చేర్చింది. పంట నష్టానికి సహాయం పొందే పరిమితిని 2015లో 50 శాతం నుండి 33 శాతానికి తగ్గించారు. బహువార్షిక పంటలలో ఈ శాతం ఏ రోజున లెక్కించారన్న దానిపై ఆధారపడి మారుతుంది. మంచు పడిన వారంలోనే లెక్కిస్తే బ్రతికి ఉన్నవి చచ్చిన వాటిలో చేరుతాయి. పచ్చగా కనిపించి, బెరడు చిట్లి నెల తరువాత ఎండిపోయేవి లెక్కకు రావు. రైతు సైతం పరిశీలన ముగిసేవరకు బొప్పాయి కోయడానికి జంకి, ఆ చెట్టునే కోల్పోతాడు. కనుక తొలి వారంలో ఛాయాచిత్రాలతో ప్రాథమిక నమోదు జరిపి, అత్యవసర కోతలకు అప్పుడే అనుమతించి, చిగురు వచ్చే మార్చిలో అదే తోటను మరల పరిశీలించడం ఉభయులకూ మేలు. ఈ రెండవ పరిశీలనలో అంటుమొక్క చిగురు అంటుకు పైనుండి వచ్చినదా, దిగువ నుండి వచ్చినదా అన్నది విడిగా నమోదు చేయాలి.